కొట్టు డబ్బు, ఇంటి డబ్బు ఒకే ఖాతాలో కలిసిపోయాయి, ఎలా విడదీయాలి?

నమస్తే అండీ. మాది ఒడిశాలోని పర్లాకిమిడి, కిరాణా కొట్టు. పక్కనే ఆంధ్రాలో ఉన్న పాతపట్నం వైపు నుంచి కూడా బేరాలొస్తాయి. క్యూఆర్ డబ్బంతా నాన్నగారి సేవింగ్స్ ఖాతాలోనే పడుతోంది. చిట్టీ పాడిన సొమ్మూ, అక్క పంపిన చేబదులూ అందులోనే. అరువు పద్దులేమో ఎర్ర అట్ట పుస్తకంలో రాస్తారు. బాకీ తీరితే గీత కొట్టేస్తారు, తారీఖు వెయ్యరు.

సరుకు అమ్మేవాళ్ళకి ఏడాది టర్నోవర్ 40 లక్షలు దాటితే జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలి, నగదు అమ్మకాలూ అందులో కలుస్తాయి. మా స్టేట్‌మెంట్‌లో 38 లక్షలు కనిపిస్తోంది, అందులో అమ్మకమెంతో తేలట్లేదు. నాన్నగారికి నిద్ర పట్టట్లేదు.

ఇప్పుడు కరెంట్ ఖాతా తెరిస్తే చాలా, పాత ఎంట్రీలు ఒక్కొక్కటీ విడదీయాలా? చేబదులుకి ఏ రుజువు ఉంచుకోవాలి? కొట్టు నడిపేవాళ్ళు మీరెలా చేశారో దయచేసి చెప్పండి. తెలుగులో పద్దు రాసుకునే యాప్ ఉన్నా చెప్పండి, నాన్నగారు ఒడియా మాట్లాడతారు గానీ చదివేది తెలుగే.