జిప్సీ డోర్ హింజ్‌లు: బుష్ కొట్టించాలా, లావు పిన్ను వేయాలా, కొత్తవి కొనాలా?

నాలుగుచక్రం:
పాత మారుతి జిప్సీ. డ్రైవర్ డోరు వెనకంచు కిందికి జారింది, మూస్తే స్ట్రైకర్ (డోరు లాక్ పట్టుకునే కొక్కెం) మీదకి ఎక్కి కూర్చుంటోంది. పై హింజ్ కొలతలు: పిన్ను 8 మిమీ ఉండాలి, అరిగినచోట 7.6. రంధ్రం ఒక దిక్కున 8, ఇంకో దిక్కున 8.4. నకిల్ (పిన్ను దూరే గొట్టం) బయటి కొలత 14 మిమీ. ఆటోనగర్‌లో ఒక లేత్ షాపు బుష్ (అరిగిన రంధ్రంలో దిగ్గొట్టే చిన్న గొట్టం) అంటోంది, పక్క షాపు లావు పిన్ను అంటోంది. ఏది నిలుస్తుంది?

లేత్‌పని:
బుష్. హింజ్‌కి రెండు ఆకులు (పలకలు) ఉంటాయి; పిన్ను ఒక ఆకులో బిగుతుగా కూర్చుంటుంది, అక్కడ అరుగు ఉండదు. తిరిగేది రెండో ఆకులోనే. బుష్ అయితే ఆ ఒక్క ఆకునే 10కి రీమర్ (రంధ్రాన్ని కచ్చితమైన కొలతకి తొలిచే పనిముట్టు) చేయిస్తే చాలు, చుట్టూ ఇంకా 2 మిమీ గోడ మిగులుతుంది. లావు పిన్నుకు రెండు ఆకులూ తొలవాలి. గన్‌మెటల్ (కంచు రకం లోహం) బుష్ బయటి కొలత రంధ్రం కన్నా 0.03 ఎక్కువ పెట్టించండి. లోపల 7.8కే ఆపి, ఆకులో కూర్చోబెట్టాక 8 రీమర్ తిప్పాలి. ముందే 8కి చేయించి తెచ్చారంటే, దిగ్గొట్టినప్పుడు లోపల ముడుచుకుని పిన్ను దూరదు. దూరలేదని సుత్తి అందుకుంటారు, కొత్త బుష్ అక్కడే పాడు.

టింకర్_కన్ను:
అంత తొందరెందుకు సార్? ముందు నకిల్ అంచు చూడమనండి. రేకు చుట్టి చేసిన హింజ్ అయితే చుట్టు కలిసేచోట సన్నటి గీత కనిపిస్తుంది. దాంట్లో బిగుతు బుష్ దిగ్గొడితే ఆ గీత విచ్చుకుంటుంది, కొన్నాళ్లకి బుష్షే ఆకులో తిరగడం మొదలెడుతుంది. అలాంటివాటికి 8.5 రీమర్ కొట్టి 8.5 పిన్ను వేయడం మేలు.

లేత్‌పని:
గీత సంగతి నిజమే, ఒప్పుకుంటున్నా. 8.5 మాత్రం ఒప్పుకోను. అరుగు ఒక పక్కకే పోయింది. అసలు సెంటర్ నుంచి ఆ పక్క 4.4 ఉంది. సెంటర్ కదలకుండా రంధ్రం గుండ్రంగా రావాలంటే 8.8 దాటాలి, అంటే 9. 8.5 రీమర్ అరిగిన పక్కకే జారుతుంది. డోరు జారినచోటే జారి ఉంటుంది, లూజు మాత్రం పోతుంది! చేత్తో డ్రిల్ పట్టి తొలిచినా ఇదే గతి. రెండు ఆకులనూ కలిపి బిగించి, అరగని ఆకు రంధ్రం ఆధారంగా సెంటర్ పట్టాలి. గీత ఉన్న హింజ్‌కైతే గీత మీద చిన్న వెల్డింగ్ పెట్టి, చల్లారాకే రీమర్. రంధ్రంలోకి వెల్డింగ్ దిగితే గట్టిపడి రీమర్ పళ్లు పోతాయి.

ఘాట్‌రోడ్డు:
ఇద్దరూ హింజ్‌నే చూస్తున్నారు. డోరు సగం తెరిచి, వెనకంచు పట్టుకుని పైకీ కిందికీ ఊపండి. పిన్ను దగ్గర కదిలితే హింజ్ తప్పు. ఆకు మొత్తం పిల్లర్ (హింజ్ బిగించిన బాడీ స్తంభం) మీద కదిలితే స్క్రూలు లూజు. పిల్లర్ రేకే లోపలికీ బయటికీ ఆడితే తుప్పో పగులో ఉంది. అక్కడ లోపలి నుంచి 2 మిమీ ప్లేటు వేయకుండా హింజ్ ఎంత బాగు చేసినా దండగే. లెక్క కూడా చూడండి. హింజ్‌ల మధ్య 350, డోరు వెడల్పు 900 అనుకుంటే, రెండు హింజ్‌లూ కలిపి 1 మిమీ జరిగితే వెనకంచు సుమారు 2.6 దిగుతుంది. అంతకన్నా బాగా ఎక్కువ దిగితే పిల్లర్‌నే అనుమానించండి. జాకీ పెట్టి డోరు పైకి వంచే చిట్కా ఉంది చూశారా, అది ఈ రేకునే చింపుతుంది.

నాలుగుచక్రం:
ఊపి చూశా, కదులుతున్నది పిన్ను దగ్గరే. గీత లేదు, నిండు నకిల్. ఇక విప్పడమే. స్టార్ స్క్రూలు కదలట్లేదు.

టింకర్_కన్ను:
నిండు నకిల్ అయితే బుష్‌కి నా అభ్యంతరం లేదు. స్క్రూలకి ముందురోజే తుప్పు నూనె పోసి ఉంచండి. మామూలు స్క్రూడ్రైవర్ వద్దు, తల గుండ్రమైపోతుంది. సుత్తితో కొట్టే ఇంపాక్ట్ డ్రైవర్ వాడండి. విప్పేముందు హింజ్ చుట్టూ సూదితో గీత గీసి, డోరు కింద జాకీ, చెక్క, గుడ్డ పెట్టండి. చెక్ స్ట్రాప్ (డోరు మరీ తెరుచుకోకుండా ఆపే పట్టీ) కూడా తీయాలి, తీశాక డోరు వదిలేస్తే తిరగబడి ఫెండర్‌కి సొట్ట ఖాయం. పిన్నుకి గీట్లు ఉన్న చివర తల పక్కన ఉంటుంది, దాని ఎదుటి చివర నుంచే కొట్టాలి. రాకపోతే ఆకుల మధ్య యాక్సా బ్లేడుతో కోసేయండి, ఎటూ కొత్త పిన్నే కదా.

ఘాట్‌రోడ్డు:
కొత్త హింజ్ మాటేమిటి? బండి ఉత్పత్తి ఆగిపోయింది. ఒరిజినల్ దొరికితే కళ్లు మూసుకుని కొనండి. నకలు అయితే పిన్ను మీద ఆకురాయి గీసి చూడండి, సులువుగా తెగిందంటే మెత్తటి ఇనుము. స్క్రూ రంధ్రాలు పాత హింజ్‌తో పోల్చకుండా డబ్బులివ్వద్దు. గ్రీజ్ నాకు నచ్చదు, దుమ్ము పట్టి సాన పేస్టులా తినేస్తుంది. పలచటి నూనె చుక్కలే చాలు.

లేత్‌పని:
నూనె ఒక్క వానకి కడుక్కుపోతుంది. లిథియం గ్రీజ్ రాసి, బయటికొచ్చింది తుడిచేస్తే దుమ్ము పట్టేది ఎక్కడ? ఇంకో మాట, పౌడర్ కోటింగ్ చేయిస్తే రంధ్రమూ, పిల్లర్‌కి ఆనే ముఖమూ కప్పించండి. ఆ ముఖం మీద మందంగా రంగుంటే అది అణిగేకొద్దీ స్క్రూ లూజవుతుంది.

నాలుగుచక్రం:
బుష్‌కే ఇస్తున్నా. బిగించేటప్పుడు ఏది ముందు?

టింకర్_కన్ను:
స్ట్రైకర్ విప్పి పక్కన పెట్టండి. అదుంటే డోరుని తనవైపు లాక్కుని అబద్ధపు సందు చూపిస్తుంది. పాత గీతల మీద హింజ్‌లు పెట్టి, చుట్టూ సందు సమానంగా వచ్చాక స్క్రూలు బిగించండి. స్ట్రైకర్ చివర్లో.