రికార్డింగ్‌లో చిటపట శబ్దం: తప్పు ల్యాప్‌టాప్‌దా, ఇంటర్‌ఫేస్‌దా?

అందరికీ నమస్కారం. ఇంట్లోనే గొంతు, గిటార్ రికార్డ్ చేసుకుంటుంటాను. కండెన్సర్ మైక్, దాని శబ్దాన్ని కంప్యూటర్‌కు అందించే యూఎస్‌బీ ఆడియో ఇంటర్‌ఫేస్, విండోస్ ల్యాప్‌టాప్, అంతే నా సరంజామా.

రెండు వారాలుగా ఎండుటాకుల మీద నడిచినట్టు చిటపటలు. ఒకటి రెండు ట్రాకులున్నప్పుడు ఏమీ ఉండదు. ట్రాకులు పది దాటి, రివర్బ్ (గొంతు హాల్లో మారుమోగినట్టు చేసే ఎఫెక్ట్) ప్లగిన్లు తగిలించానా, మొదలు! వినేటప్పుడే కాదు, రికార్డయిన ఫైల్లోనూ ఉంటోంది. వేవ్‌ఫామ్ పెద్దది చేసి చూస్తే అక్కడక్కడా గీత తెగిపోయి కనిపిస్తోంది.

48 కిలోహెర్ట్జ్‌లో బఫర్ (కంప్యూటర్ ఒక్కో విడతకు పోగుచేసుకునే శబ్దం మోతాదు) 128 శాంపిల్స్ పెట్టుకున్నాను. 512కి పెంచితే చిటపట దాదాపు పోతుంది. కానీ బఫర్ ఒక్కటే 10.7 మిల్లీసెకన్లు, రానూపోనూ కలిపితే అంతకు రెట్టింపు. హెడ్‌ఫోన్‌లో నా గొంతు నాకే ఆలస్యంగా వినిపించి తాళం తప్పుతున్నాను. డైరెక్ట్ మానిటరింగ్ (కంప్యూటర్ దాకా వెళ్లకుండా ఇంటర్‌ఫేస్ నుంచే గొంతు వినడం) పెడితే ఆలస్యం లేదుగానీ, రివర్బ్ వినపడదు. రివర్బ్ లేకుండా పాడటం నా వల్ల కాదు, నవ్వకండి.

కేబుల్ మార్చాను, హబ్ తీసేసి నేరుగా పోర్టుకు పెట్టాను, శాంపిల్ రేటు అన్నిచోట్లా ఒకటే ఉంచాను. వైఫై ఆపితే కొంచెం తగ్గింది. అంటే డ్రైవర్ల గొడవేనా? ఏ డ్రైవర్ అడ్డుపడుతోందో పట్టుకునేదెలా?

ఇంకోటి, ఛార్జర్ పెడితే సన్నగా హమ్ వస్తుంది, పీకగానే మాయం. ఇది గ్రౌండ్ లూప్ (పరికరాలు ఒకటికి మించిన దారుల్లో ఎర్త్ అవడం వల్ల వచ్చే హమ్) అనుకుంటున్నాను. ఎర్తింగ్ పిన్ను తీసేయమని మాత్రం చెప్పకండి, షాక్ కొట్టించుకునే ఉద్దేశం లేదు. బ్యాలెన్స్‌డ్ కేబుళ్లతో (దారిలో కలిసే హమ్‌ను తగ్గించే రకం) ఎవరికైనా తగ్గిందా?