16 బోర్ + రైఫిల్ పాత జర్మన్ జంట గొట్టాల తుపాకి: తూటాలు, రీలోడింగ్ సామాన్లు ఎలా?

కొత్తపేట_ప్రశ్న:
అందరికీ నమస్కారమండి. తాతగారి లైసెన్సు మీద ఉన్న తుపాకి వారసత్వంగా నా పేరుకి మారింది. పక్కపక్కన రెండు గొట్టాలు: కుడిది నున్నగా ఉంది, ఎడమదాన్లో రైఫిల్ గాళ్లు (మెలి తిరిగిన గాడులు) ఉన్నాయి. గొట్టాల అడుగున కిరీటాల కింద బి, యు, జి, ఎస్, ఎన్ అక్షరాలున్నాయి. గుండ్రటి గీతలో 16, ఎడమ గొట్టం మీద 118,35, ఇంకోచోట 1127 అని ఉంది. లైసెన్సులో మాత్రం "డిబిబిఎల్ 12 బోర్" (వెనక నుంచి తూటా పెట్టే జంట గొట్టాల తుపాకి) అని రాసుంది. ఒక దుకాణంలో రైఫిల్ గొట్టం "ఎనిమిది ఎం.ఎం. లాగే ఉందండి, 315 తూటా పట్టేస్తుంది" అన్నారు. నిజమేనా? 16 బోర్ తూటాలు దొరక్కపోతే ఖాళీ కేసులు, కాప్‌లు (మందుని అంటించే మూతలు), మందు తెచ్చుకుని మనమే నింపుకోవచ్చా?

ప్రూఫ్_గుర్తులు:
ముందుగా 315 సంగతి. దయచేసి పెట్టకండి. మన 315 తూటా 8×50ఆర్ మాన్‌లిఖర్ వంశంలోది. మీ గొట్టం మీద ఉన్నది 118,35. పాత జర్మన్ ప్రూఫ్ (గొట్టాన్ని పరీక్షించి గుర్తు వేసే) పద్ధతిలో రైఫిల్ గొట్టానికి కూడా బోర్ లెక్కే వేసేవారు: ఆ గొట్టంలో సరిపోయే సీసపు గుండ్లు పౌనుకి ఎన్ని తూగుతాయో ఆ సంఖ్య. 118,35 అంటే గాళ్ల మధ్య గట్ల దగ్గర లోపలి వ్యాసం సుమారు 8.64 మి.మీ. 172,28 ఉంటే 7.62 మి.మీ., 67,49 ఉంటే 10.4 మి.మీ. అంటే గాళ్ల లోతు కలిపితే మీది 8 ఎం.ఎం. కాదు, 9.3 ఎం.ఎం. తూటాల కుటుంబం అయ్యే అవకాశం ఎక్కువ. "లాగే ఉంది" అనే మాట తుపాకి దగ్గర పనికిరాదండి.

ఆ సంఖ్య గొట్టం వ్యాసమే చెబుతుంది, తూటా పేరు చెప్పదు. 9.3లోనే 65ఆర్, 70ఆర్, 72ఆర్, 80ఆర్, 82ఆర్ అని రకరకాల పొడవులున్నాయి (ఆర్ అంటే అంచున్న కేసు). పేరు తెలియాలంటే చాంబర్ (గొట్టంలో తూటా కూర్చునే చోటు) అచ్చు తీయాల్సిందే. జి అంటే గాళ్లున్న గొట్టం, ఎస్ అంటే షాట్ గొట్టం. ఎన్ అంటే పొగలేని మందుతో పరీక్షించారని, కాబట్టి అది మంచి వార్తే. 1127 అంటే 1927 నవంబరు. గొట్టం అడుగున "ఎస్‌టి.ఎమ్.జి." అని గ్రాముల అంకెతో ఉందేమో భూతద్దంతో చూడండి. అది జాకెట్ (లోహపు తొడుగు) ఉన్న గుండు బరువు. 12.5 గ్రా. కనిపిస్తే 9.3×72ఆర్ అనుమానం బలపడుతుంది.

లంకల_గన్‌స్మిత్:
అచ్చు పని ఇంట్లో మొదలెట్టకండి, మరమ్మతు లైసెన్సు ఉన్నవాళ్ల దగ్గర చేయించండి. కాకపోతే ఏం జరుగుతుందో తెలిసుంటే వాళ్లు సరిగా చేస్తున్నారో లేదో మీకే అర్థమవుతుంది. చాంబర్ బాగా తుడిచి, గాళ్లు మొదలయ్యే చోటుకి ఒక అంగుళం ముందు నూలు గుడ్డ ఉండ బిగించాలి. తక్కువ వేడికే కరిగే బిస్మత్ మిశ్రమం పోయాలి. సెర్రోసేఫ్ అని అమ్మేది 71 నుంచి 88 డిగ్రీల మధ్య కరుగుతుంది. మొదటి అరగంటలో అచ్చు కొంచెం ముడుచుకుంటుంది, అప్పుడే బయటకి తీయాలి. పోసిన గంట తర్వాత చాంబర్ కొలతకి సరిపోతుంది, అప్పుడే కాలిపర్ పెట్టాలి. ఒక రోజు ఆగి కొలిస్తే వ్యాకోచంవల్ల కొలత ఎక్కువ వస్తుంది. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. గంధకంతో పోసే పాత పద్ధతి నాకిష్టం లేదు. మన గాలిలో తేమకి గంధకం మిగులు ఉక్కుని తినేస్తుంది.

గాళ్ల లోతుకి మెత్తటి సీసం తోయించాలి. వలలకి కట్టే సీసం వాడొచ్చు, గోరుతో గీస్తే గీత పడేంత మెత్తగా ఉంటేనే. కొద్దిగా నూనె రాసి, ఇత్తడి కడ్డీతో ముక్కు వైపు నుంచి తోసి, బయటకొచ్చిన ముక్కని మైక్రోమీటర్‌తో కొలవాలి.

షాట్ గొట్టం విషయం ఇంకా జాగ్రత్త. 1927 నాటి 16 బోర్‌కి చాంబర్ 65 మి.మీ. అయ్యే అవకాశమే ఎక్కువ. ఇప్పటి 16 బోర్ తూటా మామూలుగా 70 మి.మీ. ఆ 70 అనేది పేలాక విచ్చుకున్న కేసు పొడవు. పేలక ముందు మూతి మడిచి 58–60 మి.మీ. దాకానే ఉంటుంది కాబట్టి 65 చాంబర్లో హాయిగా పడిపోతుంది. "పట్టింది కదా" అని పేలిస్తే మడత విచ్చుకోవడానికి చోటు లేక ముందు గొట్టం ఇరుకయ్యే కోనులోకి వెళ్తుంది, ఒత్తిడి పెరుగుతుంది. లోపల చాంబర్ మెట్టు ఎక్కడుందో గేజ్‌తో కొలిపించి, 65 వస్తే 65 తూటాలే అడగండి. చాంబర్ తవ్వించి 70 చేయించుకునే సలహా కూడా వస్తుంది. గొట్టం గోడ మందం కొలవకుండా ఒప్పుకోకండి.

ఏటిగట్టు_లైసెన్సు:
అసలు మొదటి పని బోర్ దిద్దుబాటు. లైసెన్సులో 12 ఉన్నంతకాలం 16 తూటా అమ్మడం డీలర్‌కి కుదరదు. తుపాకి, గుర్తుల ఫోటోలను, గన్‌స్మిత్ రాసిచ్చిన కొలతలను జతచేసి అమలాపురం కలెక్టరేట్‌లో దరఖాస్తు ఇవ్వండి. రైఫిల్ గొట్టం బోర్ కూడా రాయించండి. అది నిషిద్ధ బోర్లలో పడదని వాళ్లతో లిఖితంగా తేల్చుకోండి. ఒకేసారి ఎన్ని, ఏడాదికి ఎన్ని తూటాలో లైసెన్సులో రాసుంటుంది కదా, ఆ అంకె మార్చుకోవాలన్నా ఇదే సందర్భం.

రీలోడింగ్: ఆయుధాల చట్టం 1959 సెక్షన్ 2లో తూటా అంటే తూటా ఒక్కటే కాదు. దాని భాగాలు, ఛార్జీలు, తయారుచేసే యంత్రాలు కూడా అందులోకే వస్తాయి. సెక్షన్ 5 ప్రకారం తయారీకి లైసెన్సు కావాలి. కాబట్టి తూటాలు నింపే ప్రెస్, డైలు (అచ్చులు) కొనడం కూడా మామూలు పనిముట్లు కొన్నట్టు కాదు. ముందు అధికారుల నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకోకుండా ఒక్క కాప్ కూడా తెప్పించకండి. విదేశాల్లో ఉన్న చుట్టాలతో సామాన్లలో పెట్టి పంపించుకోవడం నేరం (సెక్షన్ 10).

దీపావళికి మన ఊళ్లలో టపాసుల మందు దొరుకుతుంది కదా అని ఎవరైనా చెబితే వినకండి. ఆ మందు తుపాకి మందులా మెల్లగా కాలదు. ఒక్కసారిగా ఒత్తిడి లేచి గొట్టం చీలుతుంది, చేతులు పోతాయి.

మ్యూనిక్_తెలుగు:
ఇక్కడ జర్మనీలోనూ మందు కొనడానికి పేలుడు పదార్థాల చట్టం సెక్షన్ 27 పర్మిట్ కావాలి, దానికి శిక్షణ, పరీక్ష ఉన్నాయి. 9.3×72ఆర్ తూటాలు, కేసులు చేసిన కంపెనీలు ఆర్‌డబ్ల్యుఎస్, సెల్లియర్ అండ్ బెల్లో. సామాన్యంగా గుండు 12.5 గ్రా. (193 గ్రెయిన్లు). గుర్తుంచుకోవాల్సింది ఒకటే: 9.3×74ఆర్ వేరే తూటా, దాని ఒత్తిడి చాలా ఎక్కువ. పేరులో రెండు మి.మీ. తేడా చూసి పొరబడకండి.

ఇలాంటి తుపాకుల్లో ముందు ట్రిగ్గర్ తరచూ సెట్ ట్రిగ్గర్. ముందుకి నొక్కితే బిగుసుకుని, తర్వాత వేలు తగిలినా పేలుతుంది. పొరపాటున బిగిస్తే తుపాకి తెరిచి, తూటాలు తీసేశాకే ట్రిగ్గర్ వదలండి.

కొత్తపేట_ప్రశ్న:
అచ్చు తీయించామండి. అడుగున 10.8, పొడవు 72. గాళ్ల లోతు దగ్గర సీసం 9.12 వచ్చింది. షాట్ చాంబర్ 65. ఎస్‌టి.ఎమ్.జి. 12,5 కూడా కనిపించింది.

ప్రూఫ్_గుర్తులు:
అయితే 9.3×72ఆర్ అనే చెప్పొచ్చు. కానీ ఇప్పటి ఫ్యాక్టరీ గుండు 9.25–9.30 ఉంటుంది, మీ గాళ్లు 9.12. అప్పట్లో గొట్టాల కొలతల్లో తేడాలు ఉండేవి కాబట్టి గుండు కన్నా గొట్టం ఇంత ఇరుకుగా ఉన్నప్పుడు ఒత్తిడి పెరుగుతుంది. గన్‌స్మిత్ రాతపూర్వకంగా ఒప్పుకునేదాకా ఆ గొట్టం పేల్చొద్దు. 9.3×74ఆర్‌కి చేసిన బరువైన, గట్టి జాకెట్ గుండ్లు దీనికి అసలు పనికిరావు. రైఫిల్ గొట్టాన్ని నూనె పట్టించి ఉంచి, 65 మి.మీ. తూటాలతో షాట్ గొట్టాన్నే వాడుకోవడం ఇప్పటికి సరైన దారి. లైసెన్సు ఉన్న దిగుమతిదారు ఒప్పుకుంటేనే రైఫిల్ తూటా మాట.

ఏటిగట్టు_లైసెన్సు:
ఒక్క మాట. ఎన్నికలప్పుడు స్టేషన్లో అప్పగించే ముందు రెండు గొట్టాలూ తుడిచి, లోపలా బయటా నూనె రాసి, రసీదులో నంబరుతోబాటు 16 బోర్ అని రాయించుకోండి. మన ఉప్పుగాలికి నెలలో తుప్పు మొదలవుతుంది.