వేటబోటుకి గాజు మానేసి కొబ్బరిపీచు వాడొచ్చా? సబ్సిడీ డబ్బు దేనికి పెట్టాలి?

పల్లం గట్టు:
అందరికీ నమస్కారమండి. మాది పల్లం, కాట్రేనికోన మండలం. నాన్నగారు వేటకెళ్తారు, నేను మెకానికల్ చదివి కాకినాడలో పని చేస్తున్నాను. మొన్న ఊరెళ్ళినప్పుడు మా కాలవ గట్టు మీద బోర్లా పడున్న పాత ఫైబర్ బోట్లు లెక్కపెట్టాను, పదకొండు తేలాయి, అందులో ఒకటి మాదే. 2004 సునామీ తరవాత తీరం పొడుగునా ఫైబర్ బోట్లు వచ్చాయి కదా, ఆ రోజుల్లోది. అడుగు చీలిపోయింది. ఎవరూ కొనరు, కాలిస్తే నల్లటి పొగ వచ్చి ఊరంతా తిడతారు, పాతేద్దామంటే మట్టిలో కలిసేది కాదు. అక్కణ్ణించి బండి మీద అమలాపురం వస్తుంటే దారి పొడుగునా కొబ్బరి డొక్కల గుట్టలు. అప్పుడనిపించిందండి, మన దగ్గర ఇంత పీచు పెట్టుకుని గాజు మ్యాట్‌తో (ఫైబర్ బోటంటే గాజు నారల చాపకి రెసిన్ అనే గట్టిపడే జిగురు పట్టించి చేసేదే కదా) బోట్లెందుకు చెయ్యాలి అని. నా మాట ఒకటే: గాజు మానెయ్యాలి, పీచు రెసిన్ కలిపి బోటు చెయ్యాలి, సబ్సిడీ ఏదిచ్చినా ఇకమీదట దానికే ఇవ్వాలి. ఒప్పుకుంటారా, కాదంటే ఎందుకు కాదో చెప్పండి.

మోల్డ్ మేస్త్రి:
కాదు తమ్ముడూ. నేను 22 ఏళ్ళ నించి తాళ్ళరేవు వైపు యార్డుల్లో ఫైబర్ పనే చేస్తన్నాను, చదువు లేదు గానీ చెయ్యి చెప్పుద్ది. పీచు మేం చూడలేదనుకోకు. నాలుగేళ్ళ కిందట ఒకాయన పీచు చాప తెచ్చి పలక చేసిమ్మంటే చేశాం, మూడు పొరలు, మామూలు పాలిస్టర్ రెసిన్, సుమారు రెండు కిలోలు తూగింది. ఆరాక చూస్తే గట్టిగానే ఉంది, నేనూ సంబరపడ్డాను. కోసిన అంచుకి ఏమీ పుయ్యకుండా అలాగే ఉప్పునీళ్ళ డ్రమ్ములో వేసి వారం వదిలేశాం. తీసేసరికి పావుకిలో పైనే బరువెక్కింది. అంచు వేలితో నొక్కితే మెత్తగా దిగుతోంది, పీచు ఎటు పోతే అటు తెల్లటి గీతలు లేచాయి, దగ్గరికెడితే డొక్కలు నానబెట్టిన గుంట వాసన. అది బోటు అడుగైతే ఏంటి గతి, ఇసకలో ఈడ్చేటప్పుడు జెల్‌కోట్, అంటే పైన పూసే నున్నటి పొర, గీసుకుపోద్ది, అక్కణ్ణించి నీళ్ళు పీచు పట్టుకుని లోపలికి పాకిపోతాయి. గాజు నీళ్ళు తాగదు, పీచు తాగుద్ది. నలుగురు మనుషులు దాని మీద సముద్రం మీదకెళ్ళాలి, అది మర్చిపోకు.

అంబాజీపేట పీచు:
మేస్త్రి గారూ, మీ అనుభవాన్ని కాదనను గానీ ఆ పలకకి వాడిన పీచు ఎలాంటిదో అడగాలి కదండి. మాది పీచు మిల్లు. మిల్లు నించి వచ్చిన పీచుకి పొట్టు అంటుకునుంటుంది, పైన నూనె మైనం లాంటి పొర ఉంటుంది, దాని మీద రెసిన్ పట్టదు, పట్టనిచోట సందు, సందులో నీళ్ళు. కాస్టిక్ సోడా నీళ్ళలో కొద్ది శాతం బలంతో నానబెట్టి, బాగా కడిగి, చెమ్మ లేకుండా ఆరబెట్టి వాడితే అతుకు చాలా మెరుగవుతుంది. మన కోనసీమ గాలికి ఈ ఆరబెట్టడమే కష్టం, పొద్దున్న ఎండబెట్టింది సాయంత్రానికి మళ్ళీ చెమ్మ లాగేస్తుంది. పీచులో లిగ్నిన్, అంటే చెక్కకి గట్టిదనం ఇచ్చే పదార్థం, ఎక్కువండి, అందుకే మిగతా నారల కన్నా ఆలస్యంగా కుళ్ళుతుంది. కాయిర్ బోర్డు వాళ్ళ బెంగళూరు సంస్థలో పీచుతో ప్లైవుడ్ లాంటి పలకలు చేశారు, తలుపులకీ ఫర్నిచర్‌కీ పనికొస్తున్నాయి. మాకిప్పుడు తాడు, పరుపులు తప్ప ఇంకో దారి లేదు, రేటు పడితే మిల్లు ఆపుకుని కూర్చోవడమే. ఆ కుర్రాడు అడిగింది తప్పేమీ కాదు.

బ్లేడ్ లైన్:
మాది రావులపాలెం, చెన్నై దగ్గర విండ్‌మిల్ బ్లేడ్లు చేసే ఫ్యాక్టరీలో క్వాలిటీలో ఉన్నానండి. పీచు గారూ, కడిగినా ఆరబెట్టినా ఒకటి మాత్రం మారదు. గాజు నార లాగుడికి 2000 మెగాపాస్కల్స్ (బలం కొలిచే లెక్క) పైన తట్టుకుంటుంది, కొబ్బరిపీచు 100 నించి 200 మధ్య. బరువు తేడా తీసేసి చూసినా, అంటే గాజు సాంద్రత 2.5, పీచుది 1.2 దగ్గర, అయినా అందదు. ఇంకా పెద్ద చిక్కు సాగుడు. పీచు తెగేలోపు 15 శాతం పైన సాగుతుంది, మామూలు పాలిస్టర్ రెసిన్ 2, 3 శాతానికే చీలిపోతుంది. అంటే అల కొట్టినప్పుడు రెసిన్ పగిలిపోయాక గానీ పీచు తన పని మొదలెట్టదు, గాజైతే రెసిన్‌తో పాటే బరువు పట్టేసుకుంటుంది. అందుకే దెబ్బకి ఓర్చుకునే చోట, చప్పుడు ఆపే చోట పీచు మంచిదే, కార్ల తలుపు లోపలి పలకలకి నార కాంపోజిట్లు ఎప్పటినించో వాడుతున్నారు. బోటు అడుగుకి కాదు.

ఇక పల్లం తమ్ముడికి చెప్పాలనుకున్నది. నువ్వు నార మార్చాలంటున్నావు, నేనైతే చేసే పద్ధతి మార్చమంటాను. మన యార్డుల్లో ఇప్పటికీ బకెట్, బ్రష్, రోలరే కదా. చేత్తో చాప్డ్ మ్యాట్ (గాజు నార తుంపులతో చేసిన చాప) పరిచిన పలకలో బరువుకి గాజు 30 శాతం దగ్గర, మిగతాదంతా రెసినే. మేం చేసే వాక్యూమ్ ఇన్ఫ్యూజన్‌లో పొడి క్లాత్ మోల్డులో పరిచి, పైన బ్యాగ్ కప్పి, చుట్టూ టేపుతో మూసి, పంపుతో గాలంతా లాగేసి, అప్పుడు రెసిన్ వదులుతాం. గాజు 60 శాతం దాటుతుంది, లోపల గాలి బుడగలు దాదాపు ఉండవు, అదే బలానికి బోటు పల్చనవుతుంది, తేలికవుతుంది, ఇంజనుకి ఆయిలు తగ్గుతుంది. అడుగున పొక్కులొచ్చేది ఆ బుడగల వల్లా రెసిన్ సరిగ్గా ఆరకపోవడం వల్లా కూడానండి, పొక్కు గుచ్చి చూడండి, వెనిగర్ వాసనొచ్చే నీరు కారుతుంది. సబ్సిడీ పెడితే దానికి పెట్టాలి.

మోల్డ్ మేస్త్రి:
చెల్లెమ్మా, నువ్వు చెప్పింది విన్నాను, యూట్యూబులో కూడా చూశాను, కానీ మా పని ఎలా ఉంటదో విను. ఏప్రిల్ 15 నించి జూన్ 14 దాకా వేట నిషేధం, 61 రోజులు, ఆర్డర్లన్నీ రిపేర్లన్నీ ఆ రెండు నెలల్లోనే మీద పడతాయి. అందులో సగం రోజులు మధ్యాహ్నం కరెంటు పోద్ది. రెసిన్ సగం పాకాక పంపు ఆగితే బోటు మొత్తం పారెయ్యాలి కదా, చేత్తో అయితే పోయిన చోట మళ్ళీ పరుచుకుంటాం. బ్యాగులు, టేపు, మెష్ అన్నీ ఒక్క బోటుకే సరి, ఆ ఖర్చు బోటు ఓనరు దగ్గర ఎవరడుగుతారు. ఒక్కచోట సూదంత కంత ఉన్నా గాలి లాగేస్తది. ఆ పైన బోటు ఒడ్డుకి కొట్టుకుని పగిలితే ఉప్పాడ ఇసకలో కూర్చుని బాగు చేసేది మేమే, అక్కడ బ్యాగూ ఉండదు పంపూ ఉండదు.

పాత నావ:
(నాన్న చెప్తుంటే నేను టైపు చేస్తున్నానండి. ఆయనకి డెబ్భై దాటాయి, భైరవపాలెం.)
ఆయ్, చెక్క నావ గురించి ఎవరూ అనలేదు గాబట్టి నేనంటున్నాను. మా రోజుల్లో నావంటే చెక్కే. పలకల సందుల్లో దూది కుక్కి గుగ్గిలం నూనె కాచి పూసేవోళ్ళం. పలక పుచ్చితే ఆ ఒక్క పలకే మార్చుకునేవోళ్ళం, ఇక పనికిరాదనుకుంటే పొయ్యిలోకి పోయేది. కానీ అబద్ధం చెప్పకూడదు, పురుగు తినేసేది, ఏటా పూయాలి, బరువు, ఒడ్డుకి లాగడానికి పది మంది కావాలి. 80ల్లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) వాళ్ళ బే ఆఫ్ బెంగాల్ ప్రోగ్రామోళ్ళు ఒడ్డుకెక్కే ఫైబర్ బోట్లు తెచ్చినప్పుడు మేం నవ్వేం, తరవాత మేమే కొనుక్కున్నాం. 1996 నవంబరు తుఫానుకి నా చెక్క నావ ముక్క కూడా దొరకలేదు. ఇప్పుడు చెక్కకి వెనక్కెళ్దామన్నా ఆ టేకు కొనే స్తోమతు లేదు, నావ కట్టే వడ్రంగి లేడు. గాజో పీచో మీరు తేల్చుకోండి, బోటు పోయాక దాన్నేం చెయ్యాలో కూడా ముందే చెప్పండి.

యానాం ఇల్లాలు:
నేను ఎప్పుడూ రాయను, ఇది చదివి రాస్తున్నా. అందరూ బోటు గురించే మాట్లాడుతున్నారు, చేసేవాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు. మా ఆయనది లామినేషన్ పని, మోల్డులో మ్యాట్ పరిచి రెసిన్ పట్టించడం. ఇంటికొచ్చాక చొక్కా దండెం మీద వేస్తే పిల్లలకి తలనొప్పి, అంత ఘాటు. అన్నం రుచి తెలీట్లేదంటారు. ఆ యార్డులో మాస్కంటే జేబురుమాలే. పోయినేడాది పక్కన పనిచేసే కుర్రాడికి హార్డనర్ (రెసిన్ గట్టిపడటానికి కలిపే మందు) చుక్క కంట్లో పడింది, ఎవరికీ ఏం చెయ్యాలో తెలీక గుడ్డతో తుడిచారు, ఆసుపత్రికి తీసుకెళ్ళేసరికి గంట దాటింది, ఆ కన్ను ఇప్పటికీ మసకే. సబ్సిడీ పీచుకా పంపుకా అని కొట్టుకుంటున్నారు, ముందు వాళ్ళ ఊపిరికి పెట్టండి.

బ్లేడ్ లైన్:
అక్కా, మీరు రాసింది చదివాక నేను ముందు రాసింది తిరగేసి చూసుకున్నాను, ఇదే మొదట రాయాల్సింది. ఆ వాసన స్టైరీన్‌ది, పాలిస్టర్ రెసిన్‌లో ఇంచుమించు 40 శాతం అదే. 2018లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం దాన్ని క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవాటిలో పైమెట్టుకి చేర్చింది. జేబురుమాలు, దుమ్ము మాస్కు ఆవిరిని ఆపవు, బొగ్గు కార్ట్రిడ్జి ఉన్న మాస్కే కావాలి, ఆ కార్ట్రిడ్జి కూడా మార్చుకుంటూ ఉండాలి. హార్డనర్ కంట్లో పడితే తుడవకూడదు, ఆ క్షణమే ధారగా నీళ్ళు పోస్తూ కనీసం 15 నిమిషాలు కడిగి అప్పుడు ఆసుపత్రికి పరిగెత్తాలి. హార్డనరూ కోబాల్టూ (రెసిన్ త్వరగా ఆరడానికి వేసేది) నేరుగా ఎప్పుడూ కలపకూడదు, పేలుతుంది, ఒకటి రెసిన్‌లో బాగా కలిశాకే రెండోది. మేస్త్రి గారూ, ఇన్ఫ్యూజన్ అంటే నేను పట్టుబట్టడానికి ఇదీ కారణమే, మూసిన బ్యాగులో ఆరుతుంది కాబట్టి గాల్లోకొచ్చే ఆవిరి బాగా తగ్గిపోతుంది. కరెంటుకి చిన్న జనరేటరు చాలు, ఆ పంపు పెద్దగా తినదు. రెసిన్ వదిలే ముందు గాలి లాగేశాక పంపు గొట్టం మూసి, పంపు ఆపేసి గేజి చూస్తే లీకుందో లేదో అప్పుడే తెలిసిపోతుంది, ముల్లు కదిలితే లీకు వెతుక్కోవచ్చు, రెసిన్ ఇంకా డ్రమ్ములోనే ఉంటుంది కాబట్టి నష్టం లేదు. ఒడ్డు మీద రిపేరు చేత్తోనే చేసుకోండి, దానికి అడ్డేమీ లేదు.

పల్లం గట్టు:
సరేనండి, అడుగుకి పీచు పెట్టాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. రెసిన్ ముందు పగిలిపోతుందన్నది నేను కాలేజీలో లెక్కలు చేశాను కూడా, బోటుకి వర్తిస్తుందని తోచలేదు. కానీ పెదనాన్నగారు అడిగింది అలాగే ఉండిపోయింది. ఆ పదకొండు బోట్లు? ఇన్ఫ్యూజన్‌తో చేసినా ఇరవై, ముప్ఫై ఏళ్ళకి అదీ గట్టు మీదకే వస్తుంది కదా.

బ్లేడ్ లైన్:
మా బ్లేడ్లకీ ఇదే గొడవ తమ్ముడూ, ప్రపంచమంతా దీని మీదే కొట్టుకుంటోంది. ఆరిపోయిన పాలిస్టర్, ఎపాక్సీ (ఇంకో రకం రెసిన్) మళ్ళీ కరగవు. యూరప్ విండ్ కంపెనీల సంఘం 2025 నించి బ్లేడ్లు పాతిపెట్టడం నిషేధించమని తానే అడిగింది. జర్మనీలో బ్లేడ్లు ముక్కలు కొట్టి సిమెంటు బట్టీలో వేస్తున్నారు, రెసిన్ మండి వేడినిస్తుంది, గాజులో ఉండే సిలికా, సున్నం, అల్యూమినా సిమెంటులోకే పోతాయి. మనకీ జగ్గయ్యపేట, మాచర్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలున్నాయి. కష్టమల్లా పల్లం నించి అక్కడిదాకా తీసుకెళ్ళడం, బోటు బరువు తక్కువే గానీ లారీ నిండా చోటు పడుతుంది, ఇక్కడే కోసి పంపాలి, కోసేటప్పుడు వచ్చే గాజు దుమ్ముకి మళ్ళీ మాస్కు, నీళ్ళు చల్లడం. కొత్తగా మళ్ళీ విడదీసుకునే రెసిన్లూ వస్తున్నాయి, ఆదిత్య బిర్లా వాళ్ళ హార్డనర్‌తో చేసిన ఎపాక్సీ వేడి పల్చటి యాసిడ్‌లో విడిపోతుంది, సీమెన్స్ గమేసా 2021లో దాంతో బ్లేడ్లు చేసింది. ధర మన బోటుకి ఇప్పుడే అందేది కాదు. కాబట్టి సబ్సిడీ ఇచ్చేటప్పుడే పాత బోటు తిరిగి తీసుకుని కోసి పంపే ఖర్చు కూడా అందులో కలిపి ఇవ్వాలి, ఇదే నా మాట. కొత్త బోటు చేతికివ్వడానికి ముందు పాతది లారీ ఎక్కాలి.

అంబాజీపేట పీచు:
దీనికి నేను ఒప్పుకుంటాను. పీచుని బోటులోంచి పూర్తిగా తోసెయ్యకండి అంతే. ఐసుపెట్టె బయటి పలకలు, డెక్కు మీద మూతలు, కూర్చునే బల్లలు ఉన్నాయి కదా. కడిగి ఆరబెట్టిన పీచు చాప ఒక యాభై కిలోలు నేను ఊరికే ఇస్తాను, చేసి చూడండి.

మోల్డ్ మేస్త్రి:
పీచు గారూ, డెక్కు మూతకైతే నేను సరే. అంచులు రెసిన్‌తో ముయ్యాలి, కోసిన అంచు ఒక్కటి కూడా తెరిచి ఉండకూడదు, నా పలక పోయింది అక్కడే అని ఇప్పుడు అర్థమైంది. చెల్లెమ్మా, పంపు నేను కొనలేను గానీ మా తమ్ముడి ఏసీ షాపులో వాక్యూమ్ పంపు ఉంది, ముందు చిన్న మూత మీద ఇన్ఫ్యూజన్ చేసి చూస్తాను, రెసిన్ పంపులోకి పోకుండా మధ్యలో ఏం పెట్టాలో రాయి. యానాం అమ్మా, నిన్న రాత్రి మీది చదివి పొద్దున్నే కాకినాడ నించి కార్ట్రిడ్జి మాస్కులు ఆరు తెప్పించాను, మా యార్డులో ఆరుగురు. షెడ్డులో కుళాయి పక్కన బకెట్టు నిండా మంచినీళ్ళు పెట్టించాను, దాన్ని ఎవరూ ముట్టకూడదని చెప్పాను.

బ్లేడ్ లైన్:
మధ్యలో మూత బిగిసే స్టీలు డబ్బా పెట్టండి మేస్త్రి గారూ, మూతకి రెండు గొట్టాలు, మోల్డు నించి వచ్చేది లోపలికి దిగాలి, పంపుకెళ్ళేది మూత దగ్గరే ఆగాలి. పొంగిన రెసిన్ డబ్బాలో పడిపోతుంది. ప్లాస్టిక్ డబ్బా వద్దు, గాలి లాగితే నొక్కుకుపోతుంది.

పల్లం గట్టు:
మేస్త్రి గారూ, ఈ ఆదివారం తాళ్ళరేవు వస్తాను. పీచు గారి దగ్గర చాప తీసుకుని వస్తాను, మా పాత బోటు అడుగులోంచి కోసిన ముక్క కూడా తెస్తాను, పొక్కులున్న చోటిదే. మీ ఉప్పునీళ్ళ డ్రమ్ము ఖాళీగా ఉంచండి, ఈసారి తూకం ఇద్దరం కలిసే వేద్దాం.