కౌంటర్ మూశాక కూడా దవడ బిగుసుకునే ఉంటోంది, మీరైతే ఏం చేస్తారు?

కృష్ణలంక క్యాషియర్:
పదకొండేళ్లుగా బ్యాంకులో క్యాష్ కౌంటర్ చూస్తున్నాను. నెల మొదటి వారమంతా పింఛన్ల రద్దీ. సాయంత్రం లెక్క సరిపోకపోతే తేడా క్యాషియరే జేబులోంచి కట్టుకోవాలి. కట్టింది ఇన్నేళ్లలో నాలుగుసార్లే. అయినా లెక్క సరిపోయిన రోజున కూడా ఇంటికి వచ్చి, కంచం ముందు కూర్చుని, పొద్దుటినుంచి ఇచ్చిన కట్టలన్నీ మనసులో మళ్లీ లెక్కపెడుతుంటాను. ఏ కూరతో తిన్నారని అడిగితే చెప్పలేను. మొన్న పళ్ల డాక్టరు చూసి, నిద్రలో పళ్లు కొరుకుతున్నారు, దంతాలు అరిగిపోయాయి అన్నారు. మా ఆవిడకు ఆ చప్పుడు ఎప్పటినుంచో వినిపిస్తోందట, ఎలుక అనుకుందట.
‘పాజిటివ్‌గా ఆలోచించండి’ అని మాత్రం దయచేసి రాయకండి. ఆ మాట మా మేనేజరు రోజూ చెబుతూనే ఉన్నారు.

రాత్రి డ్యూటీ నర్సు:
ఎలుక దగ్గర నవ్వొచ్చింది, ఏమీ అనుకోకండి. నేను ఐసీయూలో పనిచేస్తాను. ఊపిరికీ గుండెకూ ఉన్న లంకె మాకు మానిటర్ మీద కళ్లారా కనిపిస్తుంది. గాలి పీల్చేటప్పుడు గుండె వేగం కాస్త పెరుగుతుంది, వదిలేటప్పుడు తగ్గుతుంది. వయసులో ఉన్నవారిలో ఇది బాగా తెలుస్తుంది. అందుకే ‘గట్టిగా ఊపిరి పీల్చుకో’ అనే సలహా నాకు సగం సలహాగానే తోస్తుంది. అసలు పని వదలడంలో ఉంది. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో పీల్చి, ఏడెనిమిది దాకా మెల్లగా వదలండి, వేడి టీ మీద ఊదినట్టు. నేను సింకు దగ్గర నిలబడి ఐదారుసార్లు చేస్తాను. దీనికని వేరే సమయం మా డ్యూటీలో దొరకదు, చేతులు ఎలాగూ కడుక్కోవాలి కదా.

పదహారో అంతస్తు:
నా అనుభవం వేరు. ఫోనులో ధ్యానం యాప్ పెట్టుకుని నలభై రోజులు కూర్చున్నాను. కళ్లు మూసుకోగానే, పగలంతా మరచిపోయిన మెయిళ్లన్నీ వరసగా గుర్తుకొచ్చేవి. లేచేసరికి ఇంకాస్త చిరాకు.
ఇంకో మాట. ఇద్దరు చేయాల్సిన కౌంటర్ పని ఒక్కరితో చేయిస్తూ, ఆ ఒక్కరినే ఊపిరి లెక్కపెట్టుకోమనడం ఏం న్యాయం? జబ్బు ఒకచోట ఉంటే మందు ఇంకోచోట వేసినట్టుంది.

రాత్రి డ్యూటీ నర్సు:
రెండుచోట్లా వేయాలి. మా వార్డులోనూ మనుషులు చాలరు, అడుగుతూనే ఉన్నాం. కొత్తవాళ్లు వచ్చేదాకా ఈ రాత్రి గడవాలి కదండీ.

గళ్ల నోటుబుక్కు:
నేను జాకెట్లు కుడతాను. శ్రావణమాసంలో మా ఇంట్లో కూర్చోవడానికి చోటుండదు, అన్నీ గుడ్డల మూటలే. రాత్రి రెండింటికి మెలకువ వచ్చేది. ఆ నెమలికంఠం రంగు జాకెట్టుకు చంక దగ్గర కుట్టు లోపల గుడ్డ వదిలానా లేదా అని దీపం వేసి చూసేదాన్ని. వదిలే ఉండేది, ఎప్పుడూ.
ఇప్పుడు ఆర్డర్ల పుస్తకం చివరి పేజీలో దిగులుకు ఒక వరస చొప్పున రాస్తాను. సాయంత్రం నాలుగింటికి టీ తాగుతూ ఆ పేజీ చదువుతాను. సగానికి అప్పటికే జవాబు దొరికి ఉంటుంది, కొట్టేస్తాను. రాత్రి ఏదైనా తలలోకి వస్తే పోట్లాడను. అప్పు వసూలుకు వచ్చినవాడికి చెప్పినట్టు ‘రేపు నాలుగింటికి రా’ అంటాను. మొదటి పది రోజులు వినలేదు, తర్వాత అలవాటు పడింది.

విశ్రాంత మాస్టారు:
కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. అమ్మా, నువ్వు సొంతంగా కనిపెట్టుకున్న పద్ధతినే 1983లో అమెరికాలో బోర్కోవెక్ అనే మనస్తత్వవేత్త, ఆయన సహచరులు పరీక్షించి చూశారు. దిగులుకు రోజూ అరగంట, ఒకే వేళ, ఒకే చోటు. టీ మాత్రం నీ చేర్పు.
క్యాషియర్ గారి దవడకు ఎడ్మండ్ జేకబ్సన్ పనికొస్తాడు. కండరాలు వదులైతే మనసు తనంతట తాను నెమ్మదిస్తుందని 1920లలోనే చెప్పిన వైద్యుడు. చిక్కేమిటంటే, బిగించుకుని ఉన్నామన్న సంగతి మనకే తెలియదు. అందుకే ముందు కావాలని బిగించాలి. పిడికిలి ఐదు సెకన్లు బిగించి ఒక్కసారిగా వదిలేయండి, ఆ తేడాను ఓ ఇరవై సెకన్లు గమనిస్తూ ఉండండి. తర్వాత ముంజేయి, భుజాలు, పొట్ట, పిక్కలు. పిక్కల దగ్గర మెల్లగా, నరం పట్టేస్తుంది. మీరు దవడను మాత్రం బిగించవద్దు, అది ఇప్పటికే అలసిపోయి ఉంది. పెదవులు కలిపి, పళ్లు విడిగా ఉంచండి, అంతే.
వారాల తరబడి నిద్ర లేకపోయినా, దేని మీదా ఆశ లేనట్టు అనిపించినా ఈ చిట్కాలతో సరిపెట్టుకోకండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సహాయ కేంద్రం టెలిమానస్, నంబరు 14416. ఉచితం, తెలుగులోనూ మాట్లాడతారు.

పదహారో అంతస్తు:
మాస్టారూ, లిఫ్టులో పిడికిలితో మొదలుపెట్టాను. ధ్యానం కన్నా నాకు ఇదే నయం, చేయడానికంటూ ఒక పని ఉంది. పక్కన నిలబడ్డాయన కొంచెం దూరం జరిగాడు.

కృష్ణలంక క్యాషియర్ (మూడు వారాల తర్వాత):
ఆలస్యమైంది, ఒకటో తారీఖు హడావిడి. చివరి పేజీ పద్ధతి మొదలుపెట్టాను. మొదటి వరస ‘తేడా వస్తే?’ అని రాశాను. నాలుగింటికి మా కౌంటర్లో కుదరదు కనుక రాత్రి ఏడింటికి బస్సులో చదివాను. చదువుతూ, పదకొండేళ్లలో కట్టిన నాలుగు తేడాలూ కూడితే 3,200 రూపాయలు. పళ్లకు వేసే గార్డుకు డాక్టరు అంతకన్నా ఎక్కువే చెప్పారు! ఆ లెక్క చూశాక కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను.
పదహారో అంతస్తు గారి మాట కూడా వదల్లేదు. మొదటి వారం రెండో కౌంటర్ తెరవమని మేనేజరుకు రాతపూర్వకంగా ఇచ్చాను. చూద్దాం అన్నారు. పింఛను పెద్దాయన వేలిముద్ర పడక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటే, ఆ సందులో నర్సు గారి ఊపిరి నాలుగుసార్లు అవుతుంది.
ఇవాళ 500 తక్కువ వచ్చింది. కట్టలన్నీ రెండుసార్లు విప్పి చూశాం, దొరకలేదు. కట్టాను. పళ్లు కొరకడం తగ్గిందో లేదో మా ఆవిడ ఇంకా చెప్పలేదు. రాత్రి పెసరట్టు తిన్నాను. రెండు.

రాత్రి డ్యూటీ నర్సు:
అల్లం పచ్చడితోనా?

కృష్ణలంక క్యాషియర్:
ఉప్మాతో. పచ్చడి కూడా ఉంది, ఉప్పు కాస్త ఎక్కువైంది.