సమస్య: ఎలుక చచ్చె ననుచు నేడ్చెఁ బిల్లి

నిర్వాహకుడు: నిన్న మా ఇంట్లో డెస్క్‌టాప్ మౌస్ కదలడం మానేసింది. బల్ల కింద దూరి వైర్లు తడుముతుంటే పైనున్న ఈ పద్యపాదం తట్టింది. ఇది చివరి పాదంగా, ముందు మూడు పాదాలు కంప్యూటర్ ఎలుకతోనే పూరించండి. వినాయకుడి వాహనం వద్దు, పోయినసారి ఏడుగురు అదే తెచ్చారు.

నల్లరేగడి:
తెరను బాణమాడఁ దెగదూకి పట్టంగఁ
గాచియున్న వేళఁ గదలదయ్యె
బ్యాటరీలు తీరె, పాపమ్ము, మూగది!
ఎలుక చచ్చె ననుచు నేడ్చెఁ బిల్లి

తాటిముంజ: పిల్లికి తెర మీది బాణమే ఎలుక! చేతికింది ఎలుక ఊసే దానికి తెలీదు. ఆ ఒక్క చమత్కారం చాలు. బ్యాటరీలు మార్చినా కదలకపోతే వైర్‌లెస్ మౌస్ రిసీవర్ తీసి వేరే యూఎస్‌బీ పోర్టులో పెట్టి చూడాలి, మా ఇంట్లో అలాగే బతికింది.

కందిపొడి:
పాత యెలుక బొడ్డుఁ బట్టిన దూదిని
తీయకుండ దాని తోక లాగె
నింటిపేరుతోడ నెల్ల రెఱుఁగువాఁడు
ఎలుక చచ్చె ననుచు నేడ్చెఁ బిల్లి

పిల్లి అన్నది మా పేటలో ఇంటిపేరు. నల్లరేగడి గారూ, మొన్న నా దత్తపదిలో (ఇచ్చిన పదాలు వచ్చేలా చెప్పిన పద్యంలో) యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జోడు, తప్పిందన్నారు. ఇందులో చూపించండి.

నల్లరేగడి: ఇంటిపేరు విరుపు చక్కగా కుదిరింది. యతి మాత్రం రెండో పాదంలోనే పోయింది. తీ–తో. ఈకారానికి ఓకారం ఎలా చెల్లుతుంది? దత్తపదిలోనూ ఇదే పొరపాటు. "తీయకుండ వైరు తిప్పి చూచె" అంటే సరి.

కందిపొడి: ఈ తప్పు నాదే. దత్తపదిది ఒప్పుకోను, అక్కడ వేసింది యతికి బదులు రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి. తోకను మాత్రం వదలలేను. నా ఎలుక పాత కంప్యూటర్ల గుండ్రటి ఆకుపచ్చ పీఎస్/2 పోర్టులో పెట్టే బంతి మౌస్. లోపలి రోలర్లకు దూది చుట్టుకుంటే బాణం మొరాయిస్తుంది, బంతి తీసి గోటితో గీకితే చాలు. అది మానేసి, కంప్యూటర్ నడుస్తుండగా తోక పీకి మళ్ళీ గుచ్చాడు. రీస్టార్ట్ చేసేదాకా పాత మెషీన్లు చాలావరకు దాన్ని గుర్తించవు. చావుకు కారణమే తోక లాగడం. వైరు తిప్పితే చావెక్కడిది?

తాటిముంజ: అయితే రెండో పాదం "తోక లాగెఁ గాని తోడఁడయ్యె".

కందిపొడి: దూదిని తోడఁడయ్యె! తీసుకున్నాను.

నల్లరేగడి: తో–తో. యతీ నిలిచింది, తోకా నిలిచింది. ఇది నాకు తట్టవలసింది. కందిపొడి గారూ, ఇప్పుడు మీ పద్యం నాదానికన్నా బాగుంది. ఆ దత్తపది మళ్ళీ ఇక్కడ పెట్టండి, ప్రాసయతి ఇంకోసారి చూస్తాను.