ఫాంటులో అక్షరం చేరిస్తే పేరు మార్చాలనే నిబంధన, మార్పు స్వేచ్ఛకు అడ్డమా?

ప్రశ్న (తెలుగు అధ్యాపకుడు, కడప):

కలమళ్ళ, ఎర్రగుడిపాడు మొదలైన మా జిల్లా శాసనాల పాఠాలను విద్యార్థుల కోసం పుస్తకంగా కూర్చుతున్నాము. ఆనాటి శాసనాలలో కనిపించే ‘ఴ’ అక్షరానికి 2014లో, కంప్యూటరు లిపుల ప్రమాణమైన యూనికోడ్ 7.0లో చోటు దక్కినా, మేము వాడే ఫాంటులో దానికి రూపం లేదు. ఆ ఫాంటు, ఎవరైనా వాడుకొని, మార్చుకొని, పంచుకోవచ్చనే ఓపెన్ ఫాంట్ లైసెన్సు 1.1 కింద విడుదలైనది కనుక, ఫాంటులను గీసే ఫాంట్‌ఫోర్జ్ సాఫ్ట్‌వేరులో మేమే ఆ అక్షరాన్ని గీసి చేర్చుకొన్నాము. ఇతర కళాశాలలకు పంచే ముందు లైసెన్సు చదివితే, మార్చిన ప్రతికి పాత పేరు పెట్టరాదని ఉంది. మార్చుకొనే స్వేచ్ఛ ఇస్తూనే పేరు దగ్గర ఆపడం సబబేనా? పైగా ఒక్క అక్షరం చేర్చి కొత్త పేరు పెడితే, మూలకర్త శ్రమను మా ఖాతాలో వేసుకొన్నట్లు అవుతుందేమోనని సంకోచంగా ఉంది.

సమాధానం (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అనంతపురం):

మాస్టారూ, మీ సంకోచానికి ఆ లైసెన్సులోనే జవాబు ఉంది. పేరు ఏదైనా, మూలకర్త కాపీరైటు ప్రకటన, లైసెన్సు పాఠం ప్రతి ప్రతితోనూ వెళ్ళి తీరాలి. పేరు నిషేధం కూడా, మూలకర్త కాపీరైటు ప్రకటనలో ఆ పేరును ప్రత్యేకించి ఉంచుకొన్నప్పుడే వర్తిస్తుంది. అదైనా వాడుకరికి కనిపించే ప్రధాన నామానికే. ఆయన రాతపూర్వకంగా అనుమతిస్తే పాత పేరే ఉంచవచ్చు.

నా దృష్టిలో ఈ నిబంధన న్యాయమైనది. ఒకే పేరుతో రెండు ఫాంటులు తిరిగితే, మీ దగ్గర చక్కగా కనిపించిన పుట ప్రెస్సులో తెరవగానే ‘ఴ’ ఉన్న చోటల్లా ఖాళీ డబ్బా కనిపిస్తుంది, లోపం ఎక్కడుందో ఎవరికీ అంతుపట్టదు. స్వేచ్ఛ విషయంలో ఎంతో పట్టుదల గల డెబియన్ (లినక్స్ ఆధారిత నిర్వాహక వ్యవస్థ) వారి మార్గదర్శకాలు సైతం, మార్చిన ప్రతికి వేరే పేరో వెర్షన్ సంఖ్యో ఉండాలని లైసెన్సు కోరవచ్చునని ఒప్పుకొన్నాయి.

సమాధానం (డీటీపీ పని చేసేవాడిని, కర్నూలు):

న్యాయమే కావచ్చు గాని, అది భారం కాదనడం నాకు సమ్మతం కాదు. పాత ఫైళ్ళన్నీ పాత పేరునే అడుగుతాయి. కొత్త పేరు పెట్టిన ఫాంటును అవి గుర్తించవు. పుటలు కూర్చే టెక్ సాఫ్ట్‌వేరుపై నడిచే లేటెక్‌కు చెందిన లైసెన్సు 1.2 మార్చిన ఫైలుకు పేరు మార్చమన్నప్పుడు వచ్చిన చిక్కు ఇదే. ఒక పేరు అడిగితే మరో ఫైలు అందించే ఏర్పాటు టెక్‌లో ఉంది కనుకనే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు కోసం పనిచేసే ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ ఆ నిబంధనను అంగీకరించింది. తరువాతి 1.3 దాన్ని సడలించి, మార్చిన భాగం తాను మార్చినదానినని వాడుకరికి స్పష్టంగా తెలిపితే చాలునన్నది. కాబట్టి పేరు మార్చమనడం కాదు, పాతదాని స్థానంలో కొత్తదాన్ని నిలపడానికి దారి ఉందా లేదా అన్నదే చూడాలి.

సమాధానం (సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, అనంతపురం):

ఆ దారి మీకుంది. లినక్స్‌లో ఫాంటుల ఎంపిక చూసే ఫాంట్‌కాన్ఫిగ్ ద్వారా పాత పేరు అడిగినప్పుడు కొత్త ఫాంటు ఇవ్వమని రాసుకోవచ్చు. లిబ్రేఆఫీస్‌లోనూ ఒక ఫాంటు బదులు మరొకటి వాడమనే పట్టిక ఉంది. పుస్తకానికి వెల పెట్టడానికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే ఫాంటును విడిగా అమ్మరాదన్న షరతు దానితో కూర్చిన పత్రాలకు వర్తించదు. ఇంకొక మాట: మీరు గీసిన ‘ఴ’ను మూలకర్తకే పంపండి. ఆయన దాన్ని చేర్చుకొంటే ఈ రెండో పేరుతో మీకు అవసరమే ఉండదు.

ప్రశ్న అడిగినవారు:

కృతజ్ఞతలు. కొత్త పేరుతోనే విడుదల చేసి, చేసిన మార్పును, ఫాంటు మార్పుల చిట్టా అయిన ఫాంట్‌లాగ్ ఫైలులో నమోదు చేస్తాము. మూలకర్తకు ఈరోజే రాస్తున్నాను.